మొగలి పొద తాగిన పసరు

మా ఉద్దానంలో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే జనం అడిగే మొదటి ప్రశ్న "ఏమైంది?" అని కాదు, "క్రియాటినిన్ ఎంత?" అని. సంతకం పెట్టడం రానివాళ్ళు కూడా ఆ కిడ్నీ పరీక్ష మాటని సొంత ఇంటిపేరంత తేలిగ్గా పలుకుతారు. కిడ్నీ జబ్బు ప్రతి వీధిలోనూ ఉంది కాబట్టి మంచం పట్టిన ప్రతివాళ్ళదీ కిడ్నీయే అయి ఉండాలని మావాళ్ళ లెక్క. అలాంటి చోట పుట్టి నేను లివర్ జబ్బు తెచ్చుకున్నాను. ఊరికి ఇదొక అవమానం.

"కిడ్నీలు బాగానే ఉన్నాయి పిన్నీ, లివర్ పాడైంది" అని కుళాయి దగ్గర ఎదురింటావిడకి చెప్పాను. ఆవిడ మొహంలో ముందు నిరాశ కనిపించింది. తర్వాత అనుమానం.

"లివరా? ఓలమ్మ! తాగుతావేటే?"

నేనూరుకుంటానా? "అప్పుడప్పుడూ పిన్నీ. నీకూ ఓ గలాసు పంపమంటావేటి?" అన్నాను.

ఆ మాట నాకంటే ముందు సముద్రపు ఒడ్డు దాకా వెళ్ళిపోయింది. సాయంత్రం మా అమ్మ నెత్తి మీది చేపల బుట్ట దించి, నా వీపు మీద ఒకటి వేసింది. నా సంగతి తెలిసిన మనిషి కాబట్టి మెల్లగానే వేసింది. అయినా మర్నాటికి అక్కడ నల్లగా కమిలింది.

ఎందుకు కమిలిందో చెప్పాలంటే నా రెండో జబ్బు సంగతి చెప్పాలి. నిజానికి అదే మొదటిది, పుట్టుకతో వచ్చింది. ఇద్దరు విదేశీ డాక్టర్ల పేర్లు కలిపి దానికి పేరు పెట్టారట. నేను కూడబలుక్కుని పలికేలోపు వినేవాళ్ళు ఆవలిస్తారు. విశాఖపట్నంలో డాక్టరు గారు నాకర్థమయ్యేలా చెప్పారు: "ఒంట్లో కీళ్ళనీ, చర్మాన్నీ పట్టి ఉంచే జిగురు లాంటిది ఒకటి ఉంటుందమ్మా. నీకు అది నాసిరకం." దేవుడు నన్ను కట్టే పని కాంట్రాక్టుకి ఇచ్చేసి ఉంటాడని నాకప్పుడు అర్థమైంది. ఆ కాంట్రాక్టరు పుణ్యమా అని నా బొటనవేలు వెనక్కి వంగి ముంజేతికి ఆనుతుంది. దుప్పటి దులిపితే భుజం జారుతుంది. గట్టిగా ఆవలిస్తే దవడ పట్టేస్తుంది. ముల్లు గీరుకున్న చోట కూడా ఉల్లిపొర లాంటి మచ్చ మిగిలిపోతుంది.

చిన్నప్పుడు ఇది జబ్బని ఎవరికీ తెలీదు. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్ళి పడవల వాళ్ళందరికీ నా వేళ్ళు చూపించేవాడు. "సూడండ్రా, మా మేనకోడలికి ఎముకల్లేవు! సేప కన్నా మెత్తన!" అనేవాడు. వాళ్ళు నోరు తెరిచి చూస్తుంటే నేను ఐదు వేళ్ళూ వెనక్కి వంచి, మోచేయి కూడా అటువైపు తిప్పి పారేసేదాన్ని. పెద్దయ్యాక పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి కూడా అదే చూపించాను. కాఫీ కప్పు అందిస్తూ చూపించడం వల్ల ఇంకా బాగా పనిచేసింది. ఆ తర్వాత సంబంధాలు రావడం తగ్గిపోయింది. నేను టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, పూండి దాకా ఆటో, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని తిరుగుతూ అమ్మతోనే ఉండిపోయాను. నాన్న లేడు. ఇంట్లో మేమిద్దరమే. పక్కిల్లు మా మావది.

ఇక లివర్. ఒంటిని కాపాడవలసిన శక్తే దారి తప్పి నా లివర్ మీద పడిందట. "రెండు జబ్బులకీ ఏమైనా సంబంధం ఉందాండీ?" అని అడిగాను. "ఉండక్కర్లేదమ్మా, రెండూ నీ దగ్గరికే వచ్చాయి, అంతే" అన్నారు డాక్టరు గారు. తర్వాత ఆయన నవ్వు ఆపి మూడు మాటలు చెప్పారు. ఇది పూర్తిగా తగ్గిపోయే జబ్బు కాదు, మాత్రలతో అణిచి ఉంచాలి. చెప్పకుండా మాత్రలు మానితే మళ్ళీ లేస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా. ఆకు పసర్లు, నాటు మందుల జోలికి పోకూడదు, నీ లివర్ తట్టుకోలేదు.

ఆరోజు అమ్మ నాతో రాలేదు. చేపలు బాగా పడుతున్న రోజులవి. ఇంటికొచ్చి నేను ఆమెకి సగమే చెప్పాను: "మాత్రలేసుకుంటే తగ్గిపోతాదంట." ఆ మాటకి అమ్మ మొహం విప్పారింది. అది చూశాక మిగిలిన సగం నా నోట్లోంచి రాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రాకుండానే చాలా రోజులు గడిచాయి.

ఈలోగా నా కళ్ళు పచ్చబడ్డాయి. పచ్చ కళ్ళు కనపడితే మావాళ్ళు ఇంక డాక్టరు మాట వినరు. కామెర్లంటే పసరే. అమ్మ ఒక తెల్లవారుజామున నన్ను ఆటోలో వేసుకుని రావివలస అవతల ఒక పల్లెకి తీసుకెళ్ళింది. అక్కడ పసరిచ్చే తాత ఒకడున్నాడు. మంచివాడు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోడు. ఆకు పేరు ఎవరికీ చెప్పడు, చెబితే గుణం పోతుందట. పొద్దు పొడవకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా కోసుకొస్తాడట. అప్పటికే అరుగు మీద నాలాంటి పచ్చ కళ్ళవాళ్ళు బారులు తీరి కూర్చున్నారు.

తాత నా కనురెప్ప ఎత్తి చూశాడు. "శానా ముదిరినాది. పసరొక్కటీ సాలదు, సురకెట్టాలి" అన్నాడు. కాల్చిన పసుపు కొమ్ము మణికట్టు మీద ఆనించి చురక పెడతారు. మామూలు ఒంటికి అది మచ్చ. నా ఒంటికైతే ఆరు నెలల పుండు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కొమ్ము నిప్పుల మీద ఎర్రబడుతోంది. నాకు వేరే దారి కనపడలేదు. తాత కొమ్ము పట్టుకుని ఇటు తిరిగేసరికి "ఇక్కడా తాతా పెట్టడం?" అని అమాయకంగా అడుగుతూ, బొటనవేలిని వెనక్కి వంచి ముంజేతికి ఆనించి, పనిలో పనిగా మిగిలిన నాలుగు వేళ్ళూ చేతి వెనక్కి మడిచేశాను.

తాత చేతిలోంచి కొమ్ము జారి పడింది. "ఓరి నాయనో! ఇది ఒట్టి కామెర్లు కాదు, గాలి కూడా!" అని రెండడుగులు వెనక్కి వేశాడు. అరుగు మీది జనం లేచి నిలబడ్డారు. చురక తప్పింది. కానీ గాలి సంగతి తన వల్ల కాదనీ, కామెర్లకి మాత్రం పసరు ఇస్తాననీ దూరం నుంచే గ్లాసు జరిపాడు. అది తప్పలేదు. నోట్లో పోసుకుని పుక్కిట పట్టాను. అక్కణ్ణుంచి ఆటో దాకా అమ్మ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది.

"సేదుగా ఉందేటే?"

"ఊఁ."

"కడుపులో ఏటైనా అవుతందేటి?"

"ఊఁ హుఁ."

"మాట్లాడవేటే, మూగదానివైపోనావా?"

ఆటో వెనక్కి వెళ్ళి ఉమ్మేసి వచ్చి, "ఆ రుచికి మాట పడిపోయిందమ్మా" అన్నాను. అబద్ధం కూడా కాదు.

ఇంటికి తెచ్చుకోవడానికి తాత ఎండుటాకుల మూట ఇచ్చాడు. నలభై రోజులు పరగడుపున నూరి మేకపాలలో కలిపి తాగాలి. ఉప్పు, నూనె, నీసు బందు. ఇంగ్లీషు మందు ముట్టుకోకూడదు. ఎండుచేపలు ఆరబెట్టి బతికే ఇంట్లో నీసు బందంటే మాటలా? అమ్మ తన చేపల పని మొత్తం మావ పెరట్లోకి మార్చేసింది. తనూ చేప ముట్టలేదు. "నువ్వు తినకుండా నానెలాగ తింతానే?" అంది. డాక్టరు వద్దన్నారని నేనొకసారి అంటే, "ఆ బాబుకి ఆకుల సంగతేటి తెలుసు? మాయమ్మని బతికించినాది ఈ పసరే" అంది. ఇంక వాదించలేదు. వాదించి గెలిచే ఓపిక నాకు లేదు, మోసం చేసే ఓపిక మాత్రం పుష్కలంగా ఉంది.

మర్నాటి నుంచి పొద్దున్నే అమ్మ సన్నికల్లు మీద ఆకు నూరేది. "లోపల తాగితే వాంతి వచ్చేస్తందమ్మా, గాలికి తాగుతాను" అని గ్లాసు పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళేదాన్ని. అక్కడ మొగలి పొద ఉంది. పసరంతా దానికి పోసి, మూతి తుడుచుకుంటూ, మొహం వికారంగా పెట్టుకుని వచ్చేదాన్ని. మాత్రలు ఆఫీసు సంచిలో, పాత కళ్ళజోడు పెట్టెలో దాచుకుని టీతో వేసుకునేదాన్ని. నలభై రోజులూ ఒక్కరోజు తప్పలేదు. ఆ మొగలి పొదకి ఈ జన్మలో కామెర్లు రావు, అది మాత్రం ఖాయం.

మాత్రలు పనిచేశాయి. కళ్ళు తెల్లబడ్డాయి. ఆ మాత్రల వల్లే మొహం కూడా గుండ్రంగా ఉబ్బింది. అమ్మకి అది ఒళ్ళు చేయడంలా కనిపించింది. "సూడే, బుగ్గలెలాగొచ్చినాయో! పసరంటే ఏటనుకున్నావు?" అని నా బుగ్గలు పుణికి ఒడ్డు మీద పదిమందికీ చూపించింది. నేను బుగ్గలు ఇంకాస్త పూరించి నిలబడ్డాను. నాకేం తెలుసు, ఆ బుగ్గల్ని జనం సాక్ష్యంగా తీసుకుంటారని.

వానలు మొదలయ్యాక మావ కళ్ళు పచ్చబడ్డాయి. కాళ్ళు వాచాయి, పొట్ట ఉబ్బింది. ఎప్పుడూ అందరినీ ఆటపట్టించే మనిషి వల అల్లుతూ అల్లుతూ కూర్చునే నిద్రపోతున్నాడు. ఆస్పత్రిలో చూసి, శ్రీకాకుళం పెద్దాస్పత్రికి ఆలస్యం చేయకుండా వెళ్ళి చేరమని చీటీ రాసిచ్చారు. ఆ చీటీని ఆయన చొక్కా జేబులో మడిచి పెట్టుకుని వారం రోజులు తిరిగాడు.

"ఎల్లు మావా, బేగి ఎల్లి చేరు" అని నేను రోజూ పోరాను.

"నీకు తగ్గిపోనాది కదే! నువ్వేటి ఆస్పత్రిలో చేరినావేటి? మీయమ్మ, మా అప్ప చేతి పసరు తాగితే సాలు" అన్నాడు.

నా గుండె జారింది. కీళ్ళు జారడం నాకు అలవాటే గానీ ఇది అలవాటు లేదు. అమ్మ అప్పటికే పసరు తాత దగ్గరికి వెళ్ళి ఆకుల మూట తెచ్చేసింది. నా పచ్చ కళ్ళు ఎంత ముదిరాయో తాత చెప్పాడు కదా, అవే తెల్లబడ్డప్పుడు మావవి తెల్లబడకుండా ఎక్కడికి పోతాయని ఆమె ధీమా. ఆ ధీమా నేను పోసి పెంచింది. మావ ఆస్పత్రికి వెళ్ళకుండా ఇంకో నలభై రోజులు ఇంట్లో కూర్చుంటే మనిషి మిగలడు. పాడైన లివర్ మీద ఆ పసరు కూడా పడితే ఏమవుతుందో నాకు తెలుసు.

ముందు నాకొచ్చిన విద్యలే వాడాను. ఆకుల మూట మాయం చేశాను. అది మావ ఇంట్లో అటక మీద పెట్టానని మర్చిపోయి, మావ భార్యని వేరే గిన్నె ఏదో తీయమన్నాను. ఆవిడ గిన్నెతో పాటు మూట కూడా దించి అమ్మ చేతిలో పెట్టింది. నా తెలివి అలాంటిది.

మర్నాడు పొద్దున్న మావ వాకిట్లో అమ్మ సన్నికల్లు వేసుకుని కూర్చుంది. ఆ రోజు ఆమె తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఆకు నూరి, పాలు కలిపి, గ్లాసు మావకి ఇవ్వమని నా చేతికి అందించింది. నేను రెండడుగులు వేసి, మణికట్టు జారినట్టు చేసి గ్లాసు వదిలేశాను. పసరంతా నేల పాలైంది.

"ఓలమ్మ, చెయ్యి జారిపోనాదా? నొప్పెట్టిందేటే? ఇలా రా, సూడనీ" అని అమ్మ కంగారుగా లేచి నా మణికట్టు పట్టుకుని రాసింది. నాకు సిగ్గనిపించింది. "ఏటీ కాదులే, ఇంకా ఆకుంది, మళ్ళీ నూరతాను" అంటూ మళ్ళీ కూర్చుంది. ఆ రెండో గ్లాసు నాకివ్వలేదు, తనే తీసుకెళ్ళి మావ చేతిలో పెట్టింది. మావ నా వైపు చూసి కన్నుకొట్టి, "నీ కన్నా నాకే బేగి తగ్గుతాది సూడు" అని గ్లాసు ఎత్తాడు.

"తాగకు మావా!" అని అరిచాను. "నాను తాగలేదు. ఒక్క రోజు కూడా తాగలేదు. అంతా మొగలి పొదకి పోసీసినాను."

మావ గ్లాసు పెదాల దగ్గరే ఆగింది. ఒక క్షణం చూసి నవ్వడం మొదలుపెట్టాడు. "ఓసి దొంగ గుంటా! నలబై రోజులా? మా అప్పనే బోల్తా కొట్టించినావా? మరి తాగకుండానే తగ్గిపోనాదేటే?"

అక్కడ ఆగిపోయి ఉంటే అది ఊరంతా పది రోజులు చెప్పుకుని నవ్వుకునే కథ అయ్యేది. కానీ గ్లాసు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. పసరు లేకుండానే తగ్గిపోయిందంటే ఆయన ఆస్పత్రికి కూడా వెళ్ళడు. నాకు ఆ మనిషంటే ప్రాణం.

"తగ్గలేదు మావా" అన్నాను. "నాకు తగ్గలేదు. ఇది తగ్గేది కాదు. రోజూ మాత్రలేసుకుంటే లోపల అణిగుంటాది. మానేస్తే మళ్ళీ వస్తాది. నన్ను సూసి నువ్వు ఆగిపోకు."

భుజాన ఉన్న ఆఫీసు సంచిలోంచి కళ్ళజోడు పెట్టె తీసి మాత్రలు ఆయన ఒళ్ళో పోశాను. మావ నవ్వు ఆగిపోయింది. ఆయన మాత్రల వైపు చూడలేదు, నా వెనక్కి చూశాడు. నేను కూడా తిరిగి చూశాను. సన్నికల్లు దగ్గర అమ్మ చేతులకి ఆకు పసరు అంటుకునే ఉంది. చేతులు కడుక్కుని, పొత్రం కడిగి, సన్నికల్లు ఎత్తి గోడకి ఆనించి, ఇంటికి వెళ్ళిపోయింది.

మావ ఆరోజే పలాసలో బండెక్కి శ్రీకాకుళం వెళ్ళాడు. ఆయన భార్య తోడు వెళ్ళింది. చాలా రోజులు ఉంచుకున్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడి వాళ్ళు చెప్పారట. తిరిగొచ్చాక ఆయన ఆస్పత్రి చారుని తిట్టినంతగా దేన్నీ తిట్టలేదు. మందులు మానకూడదు, మందు మాత్రం మానెయ్యాలి అన్నారట. రెండోది విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నానని తనే చెప్పాడు.

అవన్నీ తర్వాతి సంగతులు. మావ బండెక్కిన ఆరోజు నుంచి మూడు రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. పోపు వేగేంతసేపు కూడా నోరు మూసుకుని ఉండలేని మనిషి. అన్నం పెట్టింది, నీళ్ళు తోడింది, నేను ఆఫీసుకి వెళ్ళేటప్పుడు చెప్పులు ఇటు జరిపింది. నేను రెండు మూడు వెర్రి జోకులు వేశాను. వేళ్ళు వెనక్కి వంచి చూపించాను. చూడనట్టే వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే, వీపు మీద ఇంకొకటి వేసి ఉంటే బాగుండును అనిపించింది. నాకు ఏడుపొచ్చింది. బస్సులో, ఎవరి పక్కనో కూర్చుని ఏడ్చాను.

మూడో రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ ఇసుకలో పాత వల పరిచి చేపలు తిప్పుతోంది. చేపల పని మళ్ళీ మా పెరట్లోకి వచ్చేసింది. సంచి గుమ్మంలో పడేసి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. నేనూ తిప్పడం మొదలుపెట్టాను. ఎప్పుడూ "భుజం జారుతాది, లెగు లెగు" అనే మనిషి ఈసారి అనలేదు. కాసేపు ఇద్దరం చేపలే తిప్పుకున్నాం.

తర్వాత తలెత్తకుండానే అడిగింది: "అయితే మరి ఇది తగ్గదన్నమాట."

"తగ్గదమ్మా. మందులేసుకుంటే ఇలాగే ఉంటాది."

"నువ్వుంటావా?"

జీవితంలో ఎవరేం అడిగినా నా దగ్గర ఎదురు సమాధానం సిద్ధంగా ఉంటుంది. కుళాయి దగ్గర పిన్నికీ ఉంది, పెళ్ళిచూపుల వాళ్ళకీ ఉంది, పసరు తాతకీ ఉంది. నలభై పొద్దులు మూతి తుడుచుకుని ఆమె ముందు అబద్ధమాడినదాన్ని, ఇంకొకటి ఆడదామని నోరు తెరిచాను కూడా.

"తెలీదమ్మా" అన్నాను. "డాక్టరుకీ తెలీదు."

అమ్మ తలూపింది. ఒక చేప తిప్పింది. ఇంకోటి తిప్పింది.

"తెలిసిన రోజున ముందు నాకు సెప్పు" అంది. "మీ మావకి కాదు. నాకు."